ఈ మాత్ర డోపమిన్‌కా, సెరటోనిన్‌కా?

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. మా తమ్ముడికి 24 ఏళ్లు. రెండేళ్ల క్రితం చదువు మధ్యలో మానేసి గదిలోంచి బయటికి రావడం తగ్గించాడు. గోడ అవతల తన పేరు ఎత్తి మాట్లాడుకుంటున్నారని, వీధిలో ఎవరు దగ్గినా అది తనకు సైగేనని అనేవాడు. స్కిజోఫ్రెనియా అని చెప్పి మొదట హాలోపెరిడాల్ ఇచ్చారు. మాటలు వినిపించడం తగ్గింది గానీ చేతులు బిగుసుకుపోయాయి, ముఖంలో కదలిక పోయింది. తర్వాత రిస్పెరిడోన్‌కు మార్చాక ఆ బిగువు చాలావరకు వదిలింది. మొదటి మందు డోపమిన్‌ను, రెండోది డోపమిన్‌తో పాటు సెరటోనిన్‌నూ ఆపుతుందని వైద్యులు చెప్పారు. సెరటోనిన్ తగ్గితే దిగులు వస్తుందని, దాన్ని పెంచడానికే మాత్రలు ఇస్తారని అందరూ అంటారు కదా, మరి మా తమ్ముడికి దాన్ని ఆపడమేమిటి? ఈ రెండింటికీ ఒకదానితో ఒకటి సంబంధం ఏమిటి? అసలు అతని జబ్బు ఏ రసాయనం వల్ల వచ్చింది?
– ఒక పాఠకురాలు

జవాబు: మీ తమ్ముడి చేతులు బిగుసుకుపోవడం, మందు మార్చాక అవి వదులు కావడం మీరు కళ్లారా చూశారు. డోపమిన్, సెరటోనిన్‌ల సంబంధంలో చాలా భాగం ఆ రెండు మార్పుల్లోనే కనిపిస్తుంది. అక్కడికి వచ్చేలోగా ‘ఆపడం’ అన్న మాటను కొంచెం సరిచేసుకోవాలి. ఈ మందులు మెదడులో డోపమిన్ తయారీని ఆపవు, సెరటోనిన్ నిల్వలను తగ్గించవు. ఒక నాడీకణం వదిలిన రసాయనాన్ని అందుకోవడానికి పక్క కణం పైపొర మీద గ్రాహకాలు ఉంటాయి. మందు ముందుగా వెళ్లి ఆ గ్రాహకంలో కూర్చుంటే అసలు రసాయనానికి అక్కడ చోటు దొరకదు. డోపమిన్‌కు 5 రకాల గ్రాహకాలు ఉన్నాయి, సెరటోనిన్‌కు దాదాపు 14 రకాలు ఉన్నాయి. హాలోపెరిడాల్ ప్రధానంగా డోపమిన్ డి2 గ్రాహకంలో కూర్చుంటుంది. రిస్పెరిడోన్ డి2లోనూ, అంతకంటే గట్టిగా సెరటోనిన్ 2ఏ అనే గ్రాహకంలోనూ కూర్చుంటుంది. మిగిలిన సెరటోనిన్ గ్రాహకాలు చాలావరకు తమ పని తాము చేసుకుంటూనే ఉంటాయి కనుక, ఈ మందు వేసుకుంటే సెరటోనిన్ పోయి దిగులు వస్తుందన్న భయం అక్కర్లేదు. దిగులుకు వాడే మిర్టజపిన్ అనే మందు కూడా ఇదే 2ఏ గ్రాహకాన్ని మూస్తుందని తెలిస్తే మీ సందేహం సగం తీరుతుంది.

ముందుగా డోపమిన్ సంగతి చూద్దాం. శస్త్రచికిత్సకు ముందు రోగిని నెమ్మదింపజేయడానికి ఉపయోగపడుతున్న క్లోర్‌ప్రొమజిన్‌ను 1952లో పారిస్‌లో జాన్ దెలే, పియెర్ దెనికెర్ అనే మానసిక వైద్యులు తీవ్రమైన మతిభ్రమణంతో ఉన్న రోగులకు ఇచ్చి చూశారు. రోగులు మత్తులోకి జారుకోకుండానే వారి భ్రమలు (ఆధారం లేని గట్టి నమ్మకాలు), భ్రాంతులు (లేనివి వినిపించడం, కనిపించడం) తగ్గాయి. ఎందుకు తగ్గాయో అప్పటికి ఎవరికీ తెలియదు. 1963లో స్వీడన్‌కు చెందిన అర్విద్ కార్ల్‌సన్, మార్గిట్ లిండ్‌క్విస్ట్ ఈ మందులను ఎలుకలకు ఇచ్చినప్పుడు, డోపమిన్ వంటి రసాయనాలు ఖర్చయ్యాక మిగిలే పదార్థాలు మెదడులో పెరగడం గమనించారు. అవతలి వ్యక్తికి వినపడలేదేమోనని మనం గొంతు పెంచినట్టు, గ్రాహకాలు మూసుకుపోయినప్పుడు నాడీకణాలు మరింత రసాయనాన్ని వదులుతున్నాయని వారు ఊహించారు. ఊహ నిలిచింది. 1970ల మధ్యలో ఫిలిప్ సీమన్ బృందం, సోలమన్ స్నైడర్ బృందం వేర్వేరుగా చేసిన ప్రయోగాల్లో, డోపమిన్ గ్రాహకాన్ని ఎంత గట్టిగా పట్టుకునే మందైతే రోగికి అంత తక్కువ మోతాదు సరిపోతుందని తేలింది. హాలోపెరిడాల్ కొద్ది మిల్లీగ్రాములతో పనిచేస్తే, క్లోర్‌ప్రొమజిన్‌కు వందల మిల్లీగ్రాములు కావలసి రావడానికి కారణం ఇదే. డోపమిన్‌ను ఎక్కువగా విడుదల చేయించే యాంఫెటమిన్‌ను మితిమీరి వాడినవారికి, అంతకుముందు ఏ జబ్బూ లేకపోయినా, అనుమానాలు, లేని మాటలు వినిపించడం మొదలవుతాయి. డోపమిన్ కొరతతో ఒళ్లు బిగుసుకుపోయే పార్కిన్సన్ జబ్బుకు, మెదడులో డోపమిన్‌గా మారే లెవోడోపా వాడేవారిలో కొందరికి భ్రాంతులు కలుగుతాయి. స్కిజోఫ్రెనియా ఉన్న చాలామందిలో మెదడు లోపలి భాగమైన స్ట్రయేటమ్‌లో డోపమిన్ తయారీ మామూలు కంటే ఎక్కువగా జరుగుతున్నట్టు, మెదడులో రసాయనాల పనిని చూపే పెట్ స్కాన్‌లలో కూడా కనబడింది.

డోపమిన్ ఎక్కువైతే గోడ అవతల పేరు ఎందుకు వినిపించాలి? నా దృష్టిలో మీ ఉత్తరంలోని అసలు ప్రశ్న ఇది, దీని గురించి కొంచెం ఎక్కువ చెబుతాను. డోపమిన్‌ను ఆనందాన్నిచ్చే రసాయనమని తేలిగ్గా చెప్పేస్తుంటారు. దాని పనుల్లో ముఖ్యమైనది, మన చుట్టూ జరిగే వేయి విషయాల్లో దేన్ని పట్టించుకోవాలో గుర్తు పెట్టడం. తలుపు కిర్రుమనడం, వీధిలో ఎవరో దగ్గడం, పక్కింట్లో కుర్చీ జరిపిన చప్పుడు రోజంతా మన చెవిన పడుతూనే ఉంటాయి, మెదడు వాటిని వదిలేస్తూనే ఉంటుంది. అనుకోనిది, ముఖ్యమైనది ఎదురైనప్పుడు మాత్రం డోపమిన్ కణాలు ఒక్కసారిగా స్పందించి ‘ఇది చూడు’ అని హెచ్చరిస్తాయి. ఏ కారణమూ లేకుండానే ఆ హెచ్చరిక మోగుతుంటే, ఎవరో దగ్గిన దగ్గు కూడా మనసులో ముల్లులా గుచ్చుకుంటుంది. అది ఎందుకు అంత ముఖ్యంగా అనిపిస్తోందో మనిషికి అర్థం కాదు, అర్థం కాకుండా ఉండలేడు కూడా, అందుకని ఒక కథ అల్లుకుంటాడు. ‘వాళ్లు నాకు సైగ చేస్తున్నారు’ అన్నది ఆ కథ. ఈ వివరణను శితిజ్ కపూర్ అనే మానసిక వైద్యుడు 2003లో స్పష్టంగా ప్రతిపాదించారు. మందు ఆ కథను చెరిపేయలేదు, కొత్త దగ్గులు గుచ్చుకోకుండా మాత్రమే చూడగలదు. మాత్రలు మొదలుపెట్టిన తర్వాత కూడా మీ తమ్ముడు పాత అనుమానాలను కొన్ని వారాలు, నెలలు పట్టుకుని ఉండటానికి కారణం మొండితనమని దయచేసి అనుకోకండి.

ఇక సెరటోనిన్. 1943లో ఆల్బర్ట్ హాఫ్‌మన్ అనే స్విస్ రసాయన శాస్త్రవేత్త భ్రాంతులు కలిగించే ఎల్‌ఎస్‌డీ అనే పదార్థానికి ఉన్న విపరీతమైన ప్రభావాన్ని తన మీదనే గుర్తించారు. దాని అణువు సెరటోనిన్ అణువును పోలి ఉండటం చూసి, మానసిక వ్యాధులకు మూలం సెరటోనిన్‌లోని తేడా కావచ్చని 1954లో వూలీ, షా అనే శాస్త్రవేత్తలు సూచించారు. అంటే సెరటోనిన్ వాదం డోపమిన్ వాదం కంటే ముందుదే. అయితే ఎల్‌ఎస్‌డీ తీసుకున్నవారికి ఎక్కువగా రంగులు, ఆకారాలు కనిపిస్తాయి, అది మందు ప్రభావమని కూడా వారికి చాలావరకు తెలుస్తూనే ఉంటుంది. స్కిజోఫ్రెనియాలో ఎక్కువగా మాటలు వినిపిస్తాయి, అవి నిజమేనన్న నమ్మకం గట్టిగా ఉంటుంది. రెండూ ఒకటి కావు. అయినా వాటి మధ్య ఒక దారి ఉందని 1998లో స్విట్జర్లాండ్‌లో జరిగిన చిన్న ప్రయోగం చూపింది. ఆరోగ్యవంతులకు కొన్ని పుట్టగొడుగుల్లో ఉండే సిలోసైబిన్ అనే పదార్థాన్ని ఇచ్చినప్పుడు కలిగే భ్రాంతులను సెరటోనిన్ 2ఏను మూసే కెటాన్సెరిన్ ఆపింది, మీ తమ్ముడు ఇప్పుడు వాడుతున్న రిస్పెరిడోన్ కూడా ఆపింది, హాలోపెరిడాల్ మాత్రం ఆపలేకపోయింది. భ్రాంతి పుట్టడానికి సెరటోనిన్ ద్వారా కూడా మార్గం ఉందని దీనివల్ల రుజువైంది.

మరి స్కిజోఫ్రెనియాకు 2ఏను మాత్రమే మూసే మందు సరిపోవాలి కదా అంటే, సరిపోలేదు. అలాంటి మందులను పరీక్షించినప్పుడు అవి డి2 మందుల స్థాయికి చేరలేదు. వాటిలో ఒకటైన పిమవాన్సెరిన్‌కు 2016లో అమెరికాలో అనుమతి లభించింది గానీ, అది పార్కిన్సన్ జబ్బులో వచ్చే భ్రాంతులకు. కనుక స్కిజోఫ్రెనియాలో ప్రధాన పాత్ర డోపమిన్‌ది, సెరటోనిన్ దాన్ని కొన్నిచోట్ల పట్టి ఉంచుతుంది, కొన్నిచోట్ల తోస్తుంది అని చెప్పడం సబబు.

ఈ పట్టడం, తోయడం ఎక్కడెక్కడ జరుగుతాయో తెలిస్తే మీ తమ్ముడి చేతుల సంగతి అర్థమవుతుంది. మెదడు కాండంలో రాఫే కేంద్రకాలు అనే కణసమూహాలు సెరటోనిన్‌ను మెదడంతా పంచుతాయి. డోపమిన్ కణాలు మధ్యమెదడులో ఉంటాయి, రాఫే నుంచి వచ్చే తీగలు వాటినీ చేరతాయి. శరీర కదలికలను నడిపే డోపమిన్ మార్గంలో, సెరటోనిన్ 2ఏ గ్రాహకం ద్వారా కళ్లెంలా పనిచేసి డోపమిన్ విడుదలను అదుపులో ఉంచుతుంది. హాలోపెరిడాల్ ఆ మార్గంలోని డి2 గ్రాహకాలనూ మూసేసింది, కళ్లెం మాత్రం అలాగే ఉంది, అందుకే పార్కిన్సన్ జబ్బులో కనిపించే బిగువే అతనికీ కనిపించింది. రిస్పెరిడోన్ డి2ను మూస్తూనే 2ఏను కూడా మూసి కళ్లెం వదులు చేసింది. అక్కడ కొంచెం ఎక్కువ డోపమిన్ విడుదలై, డి2 గ్రాహకాల దగ్గర మందుతో పోటీపడి కొన్నింటిని దక్కించుకుంది. చేతులు వదులు కావడానికి ఒక ముఖ్య కారణం ఇది. అయితే ఈ వెసులుబాటుకు హద్దు ఉంది. మోతాదు పెంచుకుంటూ పోతే, మామూలుగా రోజుకు 6 మిల్లీగ్రాములు దాటినప్పుడు, రిస్పెరిడోన్‌తో కూడా బిగువు తిరిగి వస్తుంది.

నుదుటి వెనుక ఉండే ప్రీఫ్రంటల్ కార్టెక్స్‌లో కథ వేరు. ఆలోచనను ఒక దారిలో పెట్టుకోవడానికి, ఏదైనా పని మొదలుపెట్టడానికి అక్కడ తగినంత డోపమిన్ కావాలి, స్కిజోఫ్రెనియాలో అక్కడ అది తక్కువగా ఉంటుందని భావిస్తున్నారు. ఒకే జబ్బులో ఒకచోట ఎక్కువ, మరోచోట తక్కువ. జంతువుల్లో చేసిన ప్రయోగాల్లో 2ఏను, డి2ను కలిపి మూసే మందులు ఆ ప్రాంతంలో డోపమిన్‌ను పెంచాయి. అదే కార్టెక్స్‌లో గ్లూటమేట్ అనే మరో రసాయనాన్ని వదిలే పెద్ద నాడీకణాల మీద 2ఏ గ్రాహకాలు దండిగా ఉంటాయి. సెరటోనిన్ వాటిని రెచ్చగొడితే అవి కింద ఉన్న మధ్యమెదడుకు సంకేతం పంపి, అనవసరపు హెచ్చరికలు మోగించే మార్గంలో డోపమిన్‌ను పెంచగలవు. కాబట్టి సెరటోనిన్ డోపమిన్‌ను తగ్గిస్తుందా, పెంచుతుందా అని అడిగితే, ఏ గ్రాహకం, మెదడులో ఏ చోట అని ఎదురు ప్రశ్న వేయక తప్పదు.

ఈ వివరణ చక్కగా ఉన్నంత మాత్రాన మొత్తం ఇదేనని మీరు నమ్మకూడదు. అమిసల్‌ప్రైడ్ అనే మందు 2ఏ గ్రాహకాన్ని దాదాపు ముట్టుకోదు, అయినా మామూలు మోతాదులో హాలోపెరిడాల్ అంత బిగువు తీసుకురాదు. డి2 గ్రాహకాలు 65 శాతం దాకా మూసుకుంటే లక్షణాలు తగ్గడం మొదలవుతుందని, 80 శాతానికి దగ్గరపడితే బిగువు వస్తుందని స్కాన్‌లు చెబుతున్నాయి. ఆ సన్నని సందులో ఉండేలా మోతాదు కుదర్చడం, ఏ గ్రాహకాలు మూయాలన్న సిద్ధాంతం కంటే రోగికి ఎక్కువ మేలు చేస్తుందని నేను నమ్ముతాను.

జబ్బు ఏ రసాయనం వల్ల వచ్చిందన్న మీ చివరి ప్రశ్నకు, ఏ ఒక్కదాని వల్లా రాలేదనే జవాబు చెప్పాలి. వంశపారంపర్యంగా వచ్చే ఎన్నో చిన్న జన్యుతేడాలు, పుట్టుకకు ముందు, పుట్టేటప్పుడు మెదడుకు కలిగిన ఇబ్బందులు, చిన్నతనంలో పడిన తీవ్రమైన కష్టాలు, గంజాయి వాడకం వంటివి వేర్వేరు దారుల్లో వస్తాయి. ఆ వాగులన్నీ కలిసే చోటు డోపమిన్ కనుక మందు అక్కడ అడ్డుకట్ట వేస్తోంది. మీ పెంపకంలోనో, మీ మాటల్లోనో తప్పు వెతుక్కోవద్దని ఇంట్లో పెద్దవాళ్లకు కూడా చెప్పండి.

ఒక జాగ్రత్త చెప్పి ముగిస్తాను. పీయూష గ్రంథి నుంచి వచ్చే, పాలు ఊరించే ప్రొలాక్టిన్ అనే హార్మోన్‌ను డోపమిన్ అణచి ఉంచుతుంది. రిస్పెరిడోన్ ఆ అణచివేతను బాగా తీసేస్తుంది, దాంతో ప్రొలాక్టిన్ పెరుగుతుంది. మీ తమ్ముడికి రొమ్ములు ఉబ్బినా, లైంగిక కోరిక తగ్గినా, లేదా మందు తెచ్చే మరో ఇబ్బందిగా ఒకచోట కుదురుగా కూర్చోలేకపోతున్నా, సిగ్గుపడి దాచకుండా వైద్యుడికి చెప్పమనండి. చాలామంది మాత్రలు మానేసేది చెప్పుకోలేని ఇలాంటి ఇబ్బందుల వల్లనే.

ప్రశ్న: మెదడులో డోపమిన్, సెరటోనిన్ ఎంత ఉన్నాయో రక్తపరీక్షతో తెలుసుకుని దాన్నిబట్టి మందు నిర్ణయించవచ్చు కదా? ఆహారంతో వాటిని సరిచేయలేమా?

జవాబు: తెలుసుకోలేం. శరీరంలోని సెరటోనిన్‌లో 90 శాతానికి పైగా పేగుల్లో తయారవుతుంది, రక్తంలో కనిపించేది దాదాపు అదే. రక్తంలోని డోపమిన్, సెరటోనిన్ మెదడులోకి ప్రవేశించలేవు, మధ్యలో గట్టి కంచె ఉంది. పైగా స్కిజోఫ్రెనియాలో తేడా మొత్తం పరిమాణంలో కాకుండా కొన్ని చోట్ల, కొన్ని క్షణాల్లో జరిగే విడుదలలో ఉంటుంది. ఇటువంటి పరీక్షలు చేస్తామని ఎవరైనా డబ్బు అడిగితే ఇవ్వకండి. మంచి ఆహారం శరీరానికి అవసరం, ముఖ్యంగా బరువు పెంచే మందులు వాడేవారికి మరీ అవసరం, కానీ డి2 గ్రాహకాలను మూసే మందు పని అది చేయలేదు.

ప్రశ్న: మా అబ్బాయికి రెండు మందులు పనిచేయలేదు. ఇప్పుడు క్లోజపిన్ మొదలుపెడదామంటున్నారు. అది డోపమిన్ గ్రాహకాలను మిగతా మందుల కంటే తక్కువగా మూస్తుందని చదివాను. తక్కువ మూసే మందు ఎక్కువగా ఎలా పనిచేస్తుంది?

జవాబు: మీరు చదివింది నిజమే. క్లోజపిన్ డి2ను వదులుగా పట్టుకుని త్వరగా వదిలేస్తుంది, సెరటోనిన్ 2ఏను మాత్రం గట్టిగా మూస్తుంది, వాటితో పాటు ఇంకా చాలా గ్రాహకాలను తాకుతుంది. ఇతర మందులకు లొంగని రోగుల మీద అమెరికాలో జరిపి 1988లో ప్రచురించిన అధ్యయనంలో, ఆరు వారాల్లో క్లోజపిన్ తీసుకున్నవారిలో 30 శాతం మందికి, క్లోర్‌ప్రొమజిన్ తీసుకున్నవారిలో 4 శాతం మందికి మాత్రమే గుణం కనిపించింది. 2ఏను ఎక్కువగా, డి2ను తక్కువగా మూయడమే దీని రహస్యమని మరుసటి ఏడాది హెర్బర్ట్ మెల్ట్‌జర్ బృందం ప్రతిపాదించింది. రిస్పెరిడోన్, ఒలాంజపిన్ వంటి మందులన్నీ దాదాపు ఆ ఆలోచన నీడలోనే వచ్చాయి. వాటిలో ఏదీ మొండి జబ్బులో క్లోజపిన్‌కు సాటి రాలేదు కనుక, రహస్యం అంతవరకే పరిమితం కాదని తేలిపోయింది. మందులకు లొంగని రోగుల్లో కొందరికి స్ట్రయేటమ్‌లో డోపమిన్ తయారీ మామూలుగానే ఉన్నట్టు స్కాన్‌లలో కనబడింది. మామూలుగానే ఉన్న డోపమిన్‌ను ఇంకా ఎంత అడ్డుకున్నా లాభం లేకపోవడం సహజమే కదా.

మొదలుపెట్టడానికి భయపడకండి, కానీ రక్తపరీక్షలను ఒక్కసారి కూడా తప్పించకండి. ఈ మందు కొద్దిమందిలో తెల్ల రక్తకణాలను ప్రమాదకరంగా తగ్గిస్తుంది. జ్వరం, గొంతునొప్పి వస్తే మర్నాటిదాకా ఆగకుండా వైద్యుడికి చూపించాలి. మలబద్ధకాన్ని కూడా తేలిగ్గా తీసుకోకూడదు, ఈ మందుతో అది ప్రాణం మీదికి తెచ్చిన సందర్భాలు ఉన్నాయి. మీ అబ్బాయికి సిగరెట్ అలవాటు ఉంటే, దాన్ని మానేముందు వైద్యుడికి చెప్పాలి. పొగ వల్ల కాలేయం క్లోజపిన్‌ను త్వరగా ఖర్చుచేస్తుంది, పొగ ఆగిపోగానే అదే మోతాదు రక్తంలో ఎక్కువైపోయి విపరీతమైన మగత రావచ్చు. సెరటోనిన్‌ను పెంచే మందుల్లో ఫ్లూవోక్సమిన్ కూడా క్లోజపిన్ స్థాయిని ఎన్నో రెట్లు పెంచుతుంది.

ప్రశ్న: నా భర్తకు మాటలు వినిపించడం పోయి ఏడాది దాటింది. కానీ దేని మీదా ఆసక్తి లేదు, స్నానం చేయమని కూడా గుర్తుచేయాలి. సెరటోనిన్ పెంచే మాత్ర కలిపితే హుషారు వస్తుందా? లేక ఉన్న మాత్రలు మానేయాలా?

జవాబు: మాత్రలు మానేయడం మాత్రం వద్దు. ఎన్నో అధ్యయనాలను కలిపి 2012లో లెక్కగట్టినప్పుడు, ఏడాదిలోగా జబ్బు తిరగబెట్టినవారు మందు కొనసాగించినవారిలో 27 శాతం, మానినవారిలో 64 శాతం ఉన్నారు. తగ్గించాలనుకుంటే వైద్యుడి సమక్షంలో నెలల తరబడి నిదానంగా చేయాల్సిన పని అది.

ఆసక్తి లేకపోవడం చూడటానికి ఒకేలా ఉన్నా దాని వెనుక మూడు కారణాలు ఉండవచ్చు. మొదటిది, మందు డి2ను అవసరానికి మించి మూయడం. అప్పుడు మనిషి నడక నెమ్మదిస్తుంది, చేతులు ఊపకుండా నడుస్తాడు, ముఖం బిగుసుకుంటుంది. దీనికి మోతాదు తగ్గించడమో, మందు మార్చడమో చేయాలి. రెండోది దిగులు. ఆయన తనను తాను తిట్టుకుంటున్నా, బతకడం ఎందుకని అంటున్నా, తెల్లవారుజామునే మెలకువ వచ్చి బాధపడుతున్నా దిగులని అనుమానించి వెంటనే వైద్యుడికి చెప్పాలి. మీరడిగిన సెరటోనిన్ మాత్ర మేలు చేసేది ఇక్కడే. మూడోది జబ్బులో భాగంగానే వచ్చే నిస్తేజం, ప్రీఫ్రంటల్ కార్టెక్స్‌లో డోపమిన్ కొరతకు ముడిపెట్టేది దీన్నే. దీనికి సెరటోనిన్ మాత్రలు ఇచ్చే ఫలితం స్వల్పం. డోపమిన్‌ను నేరుగా పెంచుదామంటే పాత మాటలు తిరిగి వినిపించే ప్రమాదం ఉంది. డోపమిన్ గ్రాహకాలను పూర్తిగా మూయకుండా కొద్దిగా పనిచేయనిచ్చే కారిప్రజిన్ అనే మందు, ఈ నిస్తేజం మీద రిస్పెరిడోన్ కంటే కొంత మెరుగని 2017లో వెలువడిన ఒక అధ్యయనంలో కనబడింది.

మీ ఉత్తరంలో ఆయన నిద్ర గురించి, నడక గురించి లేదు కనుక ఈ మూడింటిలో ఏదో నేను ఇక్కడి నుంచి చెప్పలేను. రెండు వారాల పాటు రోజూ ఆయన ఎన్నింటికి లేచారో, ఎవరితో ఎంతసేపు మాట్లాడారో, నడిచేటప్పుడు చేతులు ఊపుతున్నారో లేదో ఒక పుస్తకంలో రాసి, తదుపరి సంప్రదింపులో ఆ పుస్తకాన్ని వైద్యుడి చేతికి ఇవ్వండి.